గెలుపు పోతుందని ఉతకలేదు

ఓల్డా హోలెచెక్ మా మేడ మీది గదిలోకి అద్దెకు దిగిన రోజున గుమ్మం పైకమ్మీ నుదుటికి కొట్టుకుంది. నొప్పి తనదే అయినా, గుమ్మం వైపు తిరిగి "క్షమించండి" అన్నాడు. అలాంటి పిల్లవాడు. మనిషిని చూస్తే ధాన్యం బస్తా మీద ఇంకో బస్తా నిలబెట్టినట్టుండేవాడు, గొంతు మాత్రం కోడిపిల్ల గొంతు. భోజనాల బల్ల దగ్గర ఇంకో రెండు పిండి ఉండలు కావాలంటే అడగడు. గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ గిన్నె వైపు చూస్తాడు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను దెప్పేవాడు. కానీ ఇంట్లో మనిషి తిరుగుతున్నాక వాడి ముందువెనుకలు తెలియకపోతే నాకు ముద్ద దిగదు. ఓల్డా సంగతులు కొన్ని వాడే చెప్పాడు, కొన్ని నేను లాగాను, మిగతావి వాళ్ళమ్మ బొజెనా చెప్పింది.

వాళ్ళూ మాలాగే చెక్ దేశం నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఊరికి ఉత్తరాన మొక్కజొన్న పొలం. తండ్రి మాతేయ్ ఒకేడు కంకులు ఒలుస్తుండగా, అరచేతికి తొడుక్కునే ఇనప కొక్కెం జారి మణికట్టు మీద గీరుకుంది. చిన్న గీత. దాని మీద ఉమ్మి రాసుకుని పని కానిచ్చాడు. తర్వాత ఆ గీత దగ్గర మొదలై ఒక ఎర్రటి చార మోచేతి దాకా పాకింది, అక్కడి నుంచి చంక దాకా పోయింది. డాక్టర్ పావెల్కా వచ్చి, చార ఎక్కడి దాకా వచ్చిందో తెలియడానికి తడిస్తే ఊదారంగుకు తిరిగే పెన్సిలుతో చర్మం మీద గీసి చూశాడు. చార ఆ గుర్తును దాటింది. రక్తం విషమెక్కి మాతేయ్ పోయాడు. ఇప్పుడున్న పెన్సిలిన్ సూదిమందు అప్పటికింకా రాలేదు. ఓల్డా అప్పుడు రెండో తరగతి. మంచం కాళ్ళ వైపు నిలబడి అంతా చూశాడు.

అలాంటి వాణ్ణి వాళ్ళమ్మ ఒంటి చేత్తో పెంచి కాలేజీకి పంపింది. మా సెడార్ బెండ్ కాలేజీ ఎంతటిదంటే, కొరియా యుద్ధానికి పోయినవాళ్ళు పోగా మిగిలిన మగపిల్లలందర్నీ చేర్చినా ఫుట్‌బాల్ జట్టులో దెబ్బ తగిలినవాడి బదులు దింపడానికి ఇంకొకడు దొరకడం కష్టం. అందులో ఓల్డా సెంటరు. మైదానం నడుమ వంగి, ఆ గుడ్డు ఆకారపు బంతిని కాళ్ళ సందులోంచి వెనకవాడికి అందించాలి. అందించిన మరుక్షణం అవతలి జట్టు మీద పడుతుంటే అడ్డంగా నిలబడాలి. బంతి పట్టుకు పరిగెత్తినవాడి పేరు పత్రికలో పడుతుంది. కింద పడి తొక్కించుకున్నవాడి పేరు వాళ్ళమ్మకు తెలిస్తే గొప్ప.

మా జట్టు గెలవడం మానేసి ఎన్నాళ్ళయిందో ఊళ్ళో ఎవరికీ సరిగా గుర్తు లేదు. అందుకే యాభై ఒకటో సంవత్సరం సెప్టెంబరులో మొదటి ఆట గెలిచేసరికి పిల్లలకు పిచ్చెక్కినంత పనైంది. తిరిగి వచ్చే బస్సులో, ఎప్పుడూ నోరు విప్పని ఓల్డా బురద కొట్టుకుపోయిన తన మేజోళ్ళు పైకెత్తి చూపించి అన్నాడట:

"నేను వీటిని వారమంతా ఉతకలేదు. అందుకే గెలిచామేమో."

అది వాడు జన్మలో వేసిన మొదటి జోకు. బస్సంతా గొల్లుమంది. మా మేడ మీదే పక్క గదిలో ఉండే డెల్బర్ట్ స్నో, ఇసక కొండల వైపు పశువుల కాపరి కొడుకు, నోటి దురుసు పిల్లాడు, సీటు మీదికెక్కి నిలబడ్డాడు. "ఓడేదాకా ఎవడూ ఉతక్కూడదు! సాక్సులూ వద్దు, బనీన్లూ వద్దు, భుజాల తొడుగుల కింద వేసుకునే గుడ్డలూ వద్దు! ఉతికినవాడు మన పగవాళ్ళు వెస్ట్ ప్లాట్ కాలేజీ వాళ్ళ అల్లుడు!" అని అందరి చేతా ప్రమాణం చేయించాడు.

రెండో ఆటా గెలిచారు. మూడోదీ గెలిచారు. ఆ తర్వాత అది జోకు కాకుండా పోయింది.

ఊరికి కూడా అంటుకుంది. మంగలి లుమీర్ తన కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కప్పే గుడ్డ మార్చడం మానేశాడు. బ్యాంకు మేనేజరు పులుసు మరక పడ్డ టై అలాగే కట్టుకొచ్చేవాడు, ఆ మరకను చూసి అందరూ తలాడించేవారు. మా ఊళ్ళో సోమవారం ఉతుకుల రోజు. తెల్లారేసరికి ప్రతి పెరట్లో తీగల మీద దుప్పట్లు ఎగరాలి, ఎగరకపోతే ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని లెక్క. ఆ సోమవారాల్లో మంగలి పెళ్ళాం లిబుషే నా పెరటి కంచె దగ్గర కాపలా కాసేది.

"అనేష్కా, ఆ పిల్లల సాక్సులు పొరపాటున కూడా నీ మెషీన్లో పడకూడదు. పడ్డాయో, ఊరు నిన్ను బతకనివ్వదు."

"పడటానికి వాటిని ముట్టుకోవాలి కదే. వెనక వసారాలో ఉన్నాయి, వెళ్ళి పలకరించు. మా కుక్క అటు వెళ్ళడం మానేసి వారమైంది."

"నిజం మేడమ్," అన్నాడు వసారా మెట్ల మీద కూర్చున్న డెల్బర్ట్. "నిన్న నా జత గోడకి ఆనించి పెట్టాను. ఇవాళ చూస్తే మెట్లు దిగి కూర్చున్నాయి."

అందరం నవ్వాం. ఓల్డా నవ్వలేదు. తనన్న మాట చెయ్యి దాటిపోయి ఊరంతా తిరుగుతుంటే వాడికి భయమేసింది. ఒకసారి నాతో అన్నాడు కూడా: "టెటా, ఓడిపోతే నన్నంటారు కదా?" ఊళ్ళో చెక్ పిల్లలందరికీ నేను టెటానే, అత్తనే.

అక్టోబరు నడిమికి వచ్చేసరికి సోమవారం నాడు దిండు గలీబులు వేరే కథ చెప్పడం మొదలుపెట్టాయి. వాళ్ళు వేసుకునే ఆటబట్టలు నేను ముట్టను గాని, పడుకునే పక్కబట్టలు ఉతికేది నేనే. మెడ ఆనే చోట పసుపు మరక, దాని నడుమ రక్తం. డెల్బర్ట్ మెడ వెనక గోలీకాయంత గడ్డ లేచింది. ఇంకొకడికి మోకాలి మీద, మరొకడికి చంకలో లేచాయి. చంకలో గడ్డ లేచినవాడు చెయ్యి దించలేక రెండు వారాలు ఇంటికి పోయాడు. కోచ్ టీట్జ్, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి, నెమ్మదైనవాడే. "భుజాల తొడుగులు ఒరుసుకుని వచ్చినవమ్మా, సీజను అవగానే పోతాయి" అని ప్రతి గడ్డ మీదా ఎర్రమందు పూసేవాడు. పిల్లలు కూడా గడ్డల్ని పతకాల్లాగా ఒకరికొకరు చూపించుకునేవారు.

ఓల్డా మాత్రం ఏమీ చూపించలేదు. అదే నన్ను తినేసింది.

నవంబరులో వాడు గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. మెట్లు పక్కవాటుగా, రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని దిగేవాడు. భోజనాల దగ్గర ఎడమ కాలు బల్ల కిందికి చాపుకుని కూర్చునేవాడు. డెల్బర్ట్ పొరపాటున తగిలితే మొహం సున్నంలా తెల్లబడేది.

"ఏంట్రా ఆ కాలు?"

"బెణికింది టెటా."

"చూడనీ."

"చూడ్డానికేముంది, బెణుకు లోపల ఉంటుంది."

వాడు గిన్నె వైపు చూడటం మానేశాడు. గసగసాలు పెట్టి చేసిన తీపి బన్నులు, కోలాచీలు, పళ్ళెంలో అలాగే వదిలేశాడు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి జరిగింది. ఏ ఆదివారమూ తప్పకుండా వాళ్ళమ్మ దగ్గరికి పోయేవాడు, వరసగా రెండు ఆదివారాలు పోలేదు. వాడు కాలేజీలో ఎవరి కంట పడకుండానైనా తిరగ్గలడు. బొజెనా కంటికి దొరక్కుండా మాత్రం ఆ గుమ్మం దాటలేడు. అందుకే పోలేదని నాకు అర్థమైనప్పుడు చేతిలోని గరిటె పొయ్యి మీద పెట్టేసి అలాగే నిలబడిపోయాను.

ఆ రోజు థాంక్స్‌గివింగ్ పండగ ముందటి బుధవారం. మర్నాడు పండగనాడే వెస్ట్ ప్లాట్ వాళ్ళతో ఆఖరి ఆట. గెలిస్తే పోటీలో మొదటి స్థానం మాది. మధ్యాహ్నం టెలిఫోను మోగింది. మా వీధికీ ఉత్తరపు పొలాలకూ కలిపి ఒకటే తీగ. ఎవరికి వచ్చినా అందరిళ్ళలోనూ మోగుతుంది, మోతను బట్టి ఎవరికో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక ఎత్తకుండా ఉండటం వాళ్ళ వాళ్ళ నిగ్రహం. బొజెనా ఫోనది. ఓల్డా నడవాలో గోడకానుకుని మాట్లాడాడు.

"లేదమ్మా… చదువుకోవాలి… బాగానే ఉన్నాను… ఆ, తింటున్నాను." కాసేపాగి రిసీవరు నా వైపు చాపాడు. "నువ్వు పక్కనే ఉంటావట, ఇమ్మంటోంది."

"అనేష్కా," అంది బొజెనా. "వాడి గొంతులో ఏదో ఉంది. ఏంటది?"

నేను నోరు తెరవకముందే తీగలోంచి ఇంకో గొంతు. "మెడ మీద గడ్డేమోనే బొజెనా, మగపిల్లలందరికీ లేస్తున్నాయి."

"నిన్నెవరడిగారే లిబుషే? ఫోను పెట్టెయ్."

"పెట్టేశాను."

"పెట్టేస్తే ఎలా మాట్లాడుతున్నావే?" అని ఆమెను కసిరి, బొజెనా నాతో గొంతు తగ్గించి అంది, "అనేష్కా, వాణ్ణి ఒకసారి నిండా చూడు. నాకోసం."

ఫోను పెట్టి చూస్తే ఓల్డా అప్పటికే మేడ ఎక్కేశాడు. ఉతికిన దుప్పట్లు చేతిలో పట్టుకుని వెనకే వెళ్ళాను. తలుపు తట్టలేదు. తడితే గుడ్డ కప్పేసుకుంటాడని తెలుసు.

వాడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలి ప్యాంటు తొడ దాకా మడిచి ఉంది. మేజోడు అంచు ఒరుసుకునే చోట, పిక్క మీద, కోడిగుడ్డంత గడ్డ నల్లబడి ఉంది. దాని నుంచి ఎర్రటి చార మోకాలి లోపలి వైపు నుంచి తొడ మీదికి పాకింది. ఆ చార పక్కన, చర్మం మీద, ఊదారంగు పెన్సిలు గీతలు. ఒకటి మోకాలి కింద, ఒకటి పైన, ఒకటి తొడ నడుమ. వాడే తన మీద తాను గీసుకున్నాడు. చార ఆఖరి గీతను కూడా దాటి నాలుగు వేళ్ళ మేర పైకి పోయింది.

దుప్పట్లు కుర్చీ మీద పడేసి దగ్గరికి వెళ్ళాను.

"ఎప్పుడు గీశావురా, ఆ పైది?"

"పొద్దున."

"ఇవాళ పొద్దునా?"

వాడు తలూపాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. గదిలో పొయ్యి వేడి ఉంది, అయినా మంచం సన్నగా వణుకుతోంది.

"రేపొక్క రోజు టెటా. ఆట అవగానే నేనే వెళ్తాను."

"ఆట కోసం చస్తావురా?"

"మొదలుపెట్టింది నేనే కదా! నేనే మంచాన పడితే? ఊరంతా…" తర్వాత చాలా చిన్నగా అన్నాడు, "డాక్టర్ని మాత్రం పిలవకు. నాన్న అప్పటిదాకా నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టరు కారు వాకిట్లోకి వచ్చాకే పోయాడు."

అంత మనిషి ఆ మాట రెండో తరగతి పిల్లాడిలాగే అన్నాడు. ఆ గదిలో కూర్చుని రోజుకో గీత గీసుకుంటూ, దాన్ని దాటే చారను చూసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా అన్నాళ్ళూ ఎలా గడిపాడో నాకిప్పటికీ అర్థం కాదు.

కిందికి పరిగెత్తాను. టెలిఫోను పిడి తిప్పి, అగ్ని ప్రమాదాలకు కొట్టే పొడుగు మోత ఆగకుండా కొట్టించాను. తీగ మీదున్న ప్రతి ఇంట్లోనూ రిసీవర్లు లేచిన చప్పుడు వినిపించింది.

"ఓల్డాకి రక్తం విషమెక్కింది. డాక్టర్ పావెల్కా ఎక్కడున్నాడో చూసి పంపండి. బొజెనాని ఎవరైనా తీసుకురండి."

ఆ తీగ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. తర్వాత లిబుషే గొంతు, ఏడుపుతో, "డాక్టరు నదికి అవతల కాన్పుకి వెళ్ళాడు. ఆ ఇంటికి ఫోను లేదు, పక్క పొలం వాళ్ళకి చెప్తాను" అంది. నదికి అవతలంటే, వంతెన చుట్టూ తిరిగి రావాలి. వచ్చేసరికి పొద్దు వాలుతుంది.

డాక్టరు కంటే ముందు ఊరు వచ్చింది. మా వరండా నిండిపోయింది. కోచ్ టీట్జ్ మేడ మీదికి వెళ్ళి, చూసి, కిందికి వచ్చి మెట్ల మీదే కూలబడ్డాడు. టోపీ చేతుల్లో నలుపుతూ "ఒరుపుడనుకున్నాను, ఒట్టి ఒరుపుడనుకున్నాను" అంటున్నాడు. బయట మగవాళ్ళు గుసగుసలాడుతున్నారు.

"పెన్సిలిన్ వచ్చాక ఇదెంత?" అన్నాడు మంగలి లుమీర్. "ఇప్పుడో సూది, రేపు పొద్దునో సూది. గట్టిగా కట్టు కట్టి ఒక్క గంట నిలబెడదాం. వాడి బదులు ఇంకెవడున్నాడు?"

కొందరు నేల చూపులు చూశారు. కాదన్నవాడు లేడు. అప్పుడు డెల్బర్ట్ ముందుకొచ్చి, చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. వీపు మీద గడ్డలు, పగిలినవీ పగలనివీ, భుజం నుంచి నడుము దాకా ఉన్నాయి. లుమీర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కట్టు కట్టు మావా," అన్నాడు డెల్బర్ట్. "ఎక్కణ్ణుంచి మొదలుపెడతావు?"

వీధి చివర కారు మలుపు తిరిగిన చప్పుడైంది. ఆ క్షణాన పైనుంచి దభీమని ఏదో జరిగిన శబ్దం, ఆ వెంటే గడియ పడిన శబ్దం వినిపించాయి. ఓల్డా బీరువా జరిపి తలుపుకు అడ్డం పెట్టాడు.

డాక్టర్ పావెల్కా అప్పటికే ముసలివాడు. మాతేయ్ చేతి మీద గీతలు గీసినవాడు ఆయనే. ఆయాసపడుతూ మేడెక్కి తలుపు దగ్గర నిలబడి, "ఓల్డా, నేనురా, పావెల్కాని" అన్నాడు. లోపల బీరువా ఇంకాస్త తలుపు వైపు జరిగింది.

డెల్బర్ట్ భుజం వాల్చాడు. "పగలగొట్టెయ్యనా?"

"వద్దు," అన్నాడు డాక్టరు, చెయ్యి అడ్డం పెట్టి. "కిటికీ ఉంది. జ్వరంలో ఉన్నాడు. దూకుతాడు."

అందరం ఆ ఇరుకు నడవాలో నిలబడ్డాం. లోపల వాడు తనలో తాను ఏదో అంటున్నాడు, ఒక్కోసారి చెక్‌లో, ఒక్కోసారి ఇంగ్లీషులో. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురు తలుపు కింది సందులో ఎర్రబడుతూ వచ్చింది. డాక్టరు చేతిలోని సంచిని తెరవడమూ మూయడమూ చేస్తున్నాడు. "ఎంత సమయముంది?" అని అడిగాను. నా మొహం చూడకుండా, "తొడ దాటి పొట్టలోకి పోతే నా సంచిలో ఉన్నదేదీ పని చెయ్యదు" అన్నాడు.

బొజెనా వచ్చింది. పక్క పొలం వాళ్ళ పికప్పు బండి ఇంకా ఆగకుండానే దూకినట్టుంది, మోచేతులకు మట్టి అంటుకుంది. శీతాకాలపు దిండ్ల కోసం బాతు ఈకలు ఒలుస్తూ ఉన్నపళంగా లేచి వచ్చిన మనిషి, జుట్టు నిండా నూగు. మమ్మల్ని ఎవర్నీ చూడకుండా తలుపు దగ్గర నేల మీద కూర్చుంది.

"ఓల్డా."

లోపల మాటలు ఆగాయి.

"అమ్మా, ఆయన్ని పంపెయ్."

"పంపను."

"ఆయనొచ్చాకే కదా నాన్న పోయాడు!"

బొజెనా కళ్ళు మూసుకుంది. తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత చెప్పిన సంగతులు అక్కడున్న మాకెవరికీ తెలియనివి.

"మీ నాన్న మణికట్టు మీద ఎరుపు సోమవారమే చూశాన్రా. డాక్టర్ని పిలుస్తానంటే వద్దన్నాడు. వాన రాబోతోంది, తూర్పు చెక్కలో కంకులింకా ఉన్నాయి, అవి అయ్యాక చూద్దామన్నాడు. నేను సరేనన్నాను. పొద్దంతా ఆయన పక్కనే ఒలిచాను. ఆ చెయ్యి పనికి రాకపోతే ఎడం చేత్తో ఒలిచాడు. పంట ఇంటికొచ్చింది. అప్పుడు పిలిచాం." ఆమె తలుపు మీది చెయ్యి తియ్యలేదు. "డాక్టరు వచ్చి మీ నాన్న పోలేదురా. డాక్టర్ని రానివ్వక పోయాడు. నేనూ రానివ్వలేదు. నీకిన్నాళ్ళూ చెప్పలేకపోయాను."

మెట్ల మీద ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఇవాళ కూడా ఆగమంటే ఆగుతాను," అంది బొజెనా. "ఇక్కడే కూర్చుంటాను. కానీ నువ్వు చెప్పు, ఏ కంకులున్నాయిరా ఇంకా పొలంలో?"

లోపల బీరువా కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. కాస్త జరిగి ఆగింది. ఇంకాస్త జరిగింది. గడియ తీసిన శబ్దమైంది గాని తలుపు తెరుచుకోలేదు, తీసినవాడు అక్కడే కూలిపోయాడు. డెల్బర్ట్, కోచ్ కలిసి తలుపును మెల్లగా తోసి వాణ్ణి పక్కకు జరిపారు.

సూది అక్కడే, నేల మీదే గుచ్చాడు డాక్టరు. తర్వాత నలుగురు కలిసి దుప్పట్లో మోసుకొచ్చి కారు వెనక సీటులో పడుకోబెట్టారు. వాడి తల వాళ్ళమ్మ ఒడిలో, కాళ్ళు నా ఒడిలో. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, దిగమని అనే ధైర్యమూ ఎవరికీ లేదు. జిల్లా ఆసుపత్రిలో ఆ రాత్రి గడ్డ కోశారు. కుళ్ళు కండలోకి పోయిందనీ, మందుకు లొంగకపోతే కాలు తొడ దగ్గర తీసెయ్యాలనీ పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ పిల్లవాడు నిద్రలో వెస్ట్ ప్లాట్ వాళ్ళ పేర్లు పిలుస్తూ, ఎవరినో వెనక్కి తోస్తున్నట్టు చేతులు ఊపేవాడు. ప్రతిసారీ బొజెనా ఆ చేతులు పట్టుకుని కిందికి దించేది.

అవతల మా ఊళ్ళో పండగ పొద్దున డాక్టర్ పావెల్కా జట్టునంతా వ్యాయామశాలలో నిలబెట్టి బట్టలు విప్పించాడు. చూసి బయటికొచ్చి కోచ్‌తో ఒక్క మాటే అన్నాడట: "వీళ్ళలో నువ్వెవరిని దింపుతావో చెప్పు, ముందు వాడి తల్లిని పిలిపిస్తాను." టీట్జ్ తనే వెస్ట్ ప్లాట్ బస్సు దగ్గరికి నడిచి వెళ్ళి ఆట వదులుకుంటున్నామని చెప్పాడు. వ్యాయామశాల వెనక ఇనప పీపాలో మేజోళ్ళూ బనీన్లూ వేసి కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. ఆ పొగ ప్రధాన వీధి దాకా వచ్చిందనీ, టర్కీకోడి తింటున్న వాళ్ళందరూ కిటికీలు మూసుకున్నారనీ లిబుషే తర్వాత నాకు చెప్పింది.

శుక్రవారం సాయంత్రానికి జ్వరం దిగడం మొదలైంది. శనివారం పొద్దున పెద్ద డాక్టరు కాలును నొక్కి నొక్కి చూసి, "ఉంచుకోవచ్చు" అన్నాడు. ఆ మాట విన్నాక బొజెనా నడవాలోకి వచ్చి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. నేను ఆమె వీపు నిమురుతూ ఉన్నాను. ఏడవమన్నా ఏడవలేదు.

మధ్యాహ్నం డెల్బర్ట్ వచ్చాడు, చొక్కా కింద కట్లతో ఉబ్బిపోయి. ఓల్డా కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, నేను భయపడుతున్నదే.

"ఎంతతో ఓడాం?"

"ఆడలేదు."

ఓల్డా గోడ వైపు తిరిగాడు. "నా వల్లే కదా."

"అవును, నీ వల్లే," అన్నాడు డెల్బర్ట్, కుర్చీలో ఆచితూచి కూర్చుంటూ. "లేకపోతే నా వీపు ఎవడు చూసేవాడు? నర్సు నిన్న నాకు ఎన్ని గడ్డలు కోసిందో తెలుసా? ఊళ్ళో ఎవరైనా నిన్నేమన్నా అంటే చొక్కా విప్పుతాను. భోజనాల వేళ చూసి మరీ విప్పుతాను."

ఓల్డా నవ్వబోయి ఏడ్చేశాడు. వాడు మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదు. ఎడమ పిక్కలో కండ పోయి కాలు సన్నబడింది. చలికాలంలో కాస్త ఈడుస్తాడు. చదువు పూర్తి చేసి, వాళ్ళ పొలమే చూసుకుంటూ, పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాడు. ఊళ్ళో వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా వాడికి కొన్నాళ్ళు భయంగానే ఉండేది. దుకాణంలోకి వస్తే తలుపు దగ్గరే కాసేపు ఆగి లోపలున్న మొహాలు చూసేవాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు వాళ్ళమ్మను ఒకసారి అడిగాడట, ఎరుపు కనపడిన రోజే పిలిచి ఉంటే నాన్న బతికేవాడా అని. ఆమె తెలియదంది. అప్పటికి ఆ మందు లేదు, బతికేవాడో లేదో నిజంగానే ఆమెకు తెలియదు. ఓల్డా ఆమె ముందున్న ఈకల కుప్ప నుంచి సగం తన వైపు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఈ సంగతి బొజెనాయే నాతో చెప్పింది, నేను అడగ్గా అడగ్గా.